పసుపు కింది రంగు

మాదన్నపేట మండిలో ఆ రోజు బంతిపూలు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. తనూజ రెండు కిలోలు తూయించుకుని, బూడిద గుమ్మడికాయ ఒకటి తట్టి చూసి తీసుకుంది. సంతోష్‌నగర్ పోయే ఆటోలో పూలసంచి ఒళ్లోకి, గుమ్మడికాయ కాళ్ల మధ్యకి చేరాయి. హెల్మెట్‌కు చోటు లేక నెత్తిన పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న పెద్దాయన అది చూసి, ఈ ఆటోవాడు అంత ఘోరంగా నడుపుతాడా బేటీ అని ఉర్దూలో అడిగాడు. డ్రైవరుతో సహా అందరూ నవ్వారు.

చంపాపేట దారిలో ఒక పాల డెయిరీ కోసం వాళ్ల కంపెనీ కోల్డ్ స్టోరేజీ కడుతోంది. ఇనుప స్తంభాలు నిలబెట్టడం అయింది. పండుగ వెళ్లగానే వాటి మీదికి దూలాలు ఎక్కించాలి. గేటు పక్క బోర్డు మీద, ప్రమాదం లేకుండా గడిచిన రోజులు అనే మాటల కింద 396 అని ఉంది. తనూజ పూలసంచి కింద పెట్టి, ఆ అంకెను 397 చేసింది. సేఫ్టీ అసిస్టెంటుగా చేరిన ఈ ఏడు నెలల్లో రోజూ ఆమె మొదటి పని అదే. నాలుగు వందలు నిండితే హెడ్డాఫీసు నుంచి షీల్డు తెస్తారు. టీమంతటినీ నిలబెట్టి ఫొటో తీసి అక్కడి గోడకు పెడతారు. క్రేన్ కింద నిలబడి విజిల్‌తో, చేతులతో సైగలు చేసే ఫోర్‌మన్ డానియేలు ఆ ఫొటో కోసం తెల్లచొక్కా ఇప్పటికే ఇస్త్రీకి ఇచ్చాడని అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతని ఫొటో ఐడీ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

రేకుల స్టోరు ముందు కొమురమ్మ నీళ్లు చల్లి ముగ్గేసి, ఇత్తడి గిన్నెలో పసుపు కలుపుతోంది. పొద్దున సామాను అందించేది, సాయంత్రం లెక్క చూసి తీసుకునేది, ఊడ్చి సర్దేది ఆమే. పదమూడేళ్లుగా ఇక్కడే చేస్తున్నా కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. చదువు రాదు. కానీ కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి ఏ పానా ఏ సైజో చెప్తుంది. తనూజ చేరిన రోజు హెల్మెట్ వదులై కళ్ల మీదికి జారుతుంటే లోపలి పట్టీకి మెత్తటి గుడ్డ కుట్టి ఇచ్చింది. ఆ గుడ్డ ఇప్పటికీ అందులోనే ఉంది.

పసుపులో కొంచెం నూనె వేస్తే ఇనుముకు అంటుకుని రాలదని కొమురమ్మ చెప్పింది. ఆయుధ పూజకు పానాలు, బెల్టులు, గ్యాస్ కట్టర్లు, బరువులెత్తే ఇనుపతీగల స్లింగులు అన్నిటికీ వరుసగా బొట్లు పెట్టింది. డానియేలు మెడలోంచి విజిల్ తీసి, నాకు కాదక్కా, దీనికి పెట్టమన్నాడు. నోట్లో పెట్టుకునేదానికి పసుపు పూస్తే మధ్యాహ్నం కూర అక్కర్లేదని ఆమె అంది. క్రేన్ నడిపే ఖలీల్ భాయ్, దండ ఎంత పెద్దదైనా కట్టండి, అద్దానికి మాత్రం అడ్డం రానియ్యకండి అన్నాడు.

అంతా అయ్యాక కొమురమ్మ గదిలోని ఎర్రపెట్టె మూత తీసింది. దానికి గడియ ఉంది కానీ తాళం లేదు. తాళం కావాలని తనూజ ఆగస్టులో రాసిన కాగితం ఇంకా మేనేజరు బల్ల మీదే ఉంది. మూడు నెలలకొకసారి స్లింగులను పరీక్షించి, బాగున్నవాటి మెడకు కొత్త రంగు వేస్తారు. మొన్నే తనూజ, డానియేలు కలిసి పదకొండింటికి పసుపుపచ్చ రంగు వేశారు. పనికిరాని మూడు మాత్రం పాత తెల్లరంగుతోనే, ముక్కలు చెయ్యడానికి ఎర్రపెట్టెలోకి వెళ్లాయి. కొమురమ్మ ఆ మూడింటినీ బయటికి తీసి వరుసలో పరిచింది.

"ఇవి గూడ చేసినయే గద బిడ్డా పని. మూలకు పడ్డయని వీటికి పండుగ లేదా?"

తనూజకు ఆ మాట ఎంతో నచ్చింది. కొమురమ్మ వంగి, ముసలివాళ్ల కాళ్లకు పూసినంత మెల్లగా, ఆ మూడింటి మెడలకు పసుపు పూస్తుంటే ఫోన్ తీసి ఫొటో తీసుకుంది. గుమ్మడికాయ కొట్టారు. పండుగ పూట ఇంటికిపోయే తొందరలో తలా ఒక చెయ్యి వేసి సామానంతా లోపల పెట్టేశారు.

*

దసరా మర్నాడు శుక్రవారం. బోర్డు మీద 399. చాలామంది జేబుల్లో జమ్మి ఆకు తెచ్చి, బంగారం అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలయ్ బలయ్ చేసుకున్నారు. ఖలీల్ భాయ్ తనకొచ్చిన ఆకులన్నీ చొక్కా జేబులో దాచుకుని, ఈ పాతబస్తీలో నాకంటే ధనవంతుడు లేడు ఇయ్యాల అన్నాడు. ఎప్పటిలాగే తనూజ పొద్దుటి మీటింగులో చివరి మాట చెప్పింది. పని ప్రమాదంగా కనిపిస్తే ఎవరైనా ఆపవచ్చు, పెద్దా చిన్నా లేదు. ఏడు నెలలుగా రోజూ చెప్తూనే ఉంది. ఇంతవరకూ ఎవరూ ఏ పనీ ఆపలేదు.

మేనేజరు నరహరి సార్‌కు మొదటి దూలం జుమ్మా నమాజు లోపలే పైకెక్కాలి. రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఫోన్ మోగుతుండగా తనూజ చెక్‌లిస్టు పట్టుకుని క్రేన్ దగ్గరికి వచ్చింది. కొక్కేనికి వేలాడుతున్న స్లింగు వైపు నాలుగడుగుల దూరం నుంచి చూసింది. మెడ పచ్చగా ఉంది. స్లింగు రంగు అన్న గడిలో టిక్కు పెట్టి, ఫోన్ ఎత్తి, అవుతోంది సార్ అంది.

డానియేలు విజిల్ వేశాడు. దూలం నేల విడిచింది. మోకాలు దాటింది, నడుము దాటింది. దాని కొనకు కట్టిన తాడు పట్టుకుని కుర్ర పనివాడు ఎల్లేష్ పక్కపక్కనే నడుస్తున్నాడు. అప్పుడు స్టోరు వైపు నుంచి కొమురమ్మ వచ్చింది. ఆమె పరుగెత్తడం తనూజ ఎన్నడూ చూడలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేతిలో చీపురుతోనే వచ్చింది. క్రేన్ అద్దానికి ఎదురుగా నిలబడి, కుచ్చిళ్లు వదిలేసి, రెండు చేతులూ అడ్డంగా చాచింది. ఆపమని రోజూ డానియేలు చేసే సైగే అది. చీపురు కూడా చేతితోపాటు అడ్డంగా నిలిచింది.

ఖలీల్ భాయ్ ఆపేశాడు. దూలం ఛాతీ ఎత్తులో కొద్దిగా ఊగి నిలిచింది. ఎవరో నవ్వారు. డానియేలుకు నవ్వు రాలేదు. ఎల్లేష్‌ను వెనక్కి పొమ్మని చెయ్యి ఊపి, దూలాన్ని అంగుళం అంగుళంగా కిందికి దింపించాడు. అది కట్టెల మీద కూర్చున్నాక అడిగాడు.

"ఏందక్కా?"

"ఎర్రపెట్టె మీది పసుపు తుడుస్తానికి మూత తీసిన. మూడుండాలె. రెండే ఉన్నయ్." ఆమెకు ఊపిరి అందడం లేదు. "గోడకు మంచియి పదకొండు. మీరొకటి తెచ్చినంక పది మిగలాలె గద. పదకొండున్నయ్."

డానియేలు జేబులోంచి పాతగుడ్డ తీసి స్లింగు మెడను గట్టిగా రుద్దాడు. గుడ్డ పచ్చబడింది. మెడ తెల్లబడింది. మెడ కింద జానెడు దూరంలో గుడ్డ చిక్కుకుంది. లాగితే పర్రున చిరిగింది. తెగిన తీగలు ముళ్లలా బయటికి పొడుచుకుని ఉన్నాయి. డానియేలు వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, తొమ్మిది దగ్గర ఆపి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఎల్లేష్ తాను నిలబడ్డ చోటును చూస్తున్నాడు. అతని చెప్పు జాడ దుమ్ములో ఇంకా అచ్చుపడే ఉంది.

నమాజు నుంచి ఖలీల్ భాయ్ తిరిగొచ్చాక మంచి స్లింగుతో దూలం ఎక్కించారు. ఆ సాయంత్రం స్టోరులో ఎవరూ జోకులు వెయ్యలేదు.

*

శనివారం నరహరి సార్ తనూజను గదిలోకి పిలిచాడు. బోర్డు మీద 400 ఆమె చేత్తోనే పెట్టి వచ్చింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఎండాకాలంలో మజ్జిగ కుండ పెట్టించింది ఆయనే. నిన్నటిది రాయకుండా ఉండటం కుదరదని, అందరూ చూశారని, పైకి పంపాల్సిందేనని ఆయనే అన్నాడు. ఆ తర్వాత కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు.

కారణం అనే గడిలో ఒక్క మాట చాలన్నాడు. స్టోరు హెల్పరు అనుమతి లేకుండా పెట్టె తెరిచింది. కాంట్రాక్టరుకు చెప్తే మనిషిని మారుస్తాడు. మన టీమ్ మీదికి రాదు, సోమవారం షీల్డు ఆగదు. నీ పర్మనెంటు కాగితం ఈ నెలే రావాలి, నీ టిక్కు సంగతి అందులో ఎందుకమ్మా అన్నాడు. ఆ చివరి మాట నిజంగా ఆమె మేలు కోరే అన్నాడు.

తనూజ తన బల్ల దగ్గరికి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. వాళ్లింట్లో ఇంగ్లిషులో రిపోర్టు రాయగలిగిన మొదటి మనిషి తనే. ఆ మాట అమ్మ మాణిక్యమ్మ మండిలో కూరగాయలవాళ్లకు కూడా చెప్తుంది. రెండు వాక్యాలు టైపు చేసింది. అందులో తప్పేమీ లేదు, ఒక్క అక్షరం అబద్ధం లేదు. పెట్టె తెరిచింది కొమురమ్మే.

ఫోన్ తీసి బుధవారం నాటి ఫొటో చూసింది. ఎర్రపెట్టె మూత తెరిచి ఉంది. మూడు స్లింగులు, వంగిన కొమురమ్మ. మూలన నేల మీద నీడ ఒకటి, గుండ్రటి హెల్మెట్ నీడ. ఫొటో తీస్తున్నవాళ్లది. లాప్‌టాప్ మూసేసింది.

*

ఆదివారం మధ్యాహ్నం సంతోష్‌నగర్ వెనక బస్తీలో కొమురమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ముందు ఒకసారి చూడాలనిపించింది, అంతే.

గడపలో ఒకాయన గోనెపట్టా మీద కూర్చుని హోటళ్ల కోసం వెల్లుల్లి ఒలుస్తున్నాడు. కుడికాలు వంగకుండా నిటారుగా గుమ్మం బయటికి చాచి ఉంది. కొమురమ్మ భర్త మొగులయ్య. సేఫ్టీ మేడమంటె నువ్వేనా బిడ్డా అని అడిగి, తన పట్టాలో సగం జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఒక గడ్డ చేతిలో పెట్టాడు. తనూజ కూడా ఒలవడం మొదలుపెట్టింది.

కొమురమ్మ చాయ్ తెచ్చింది. మాటల మధ్య, తను శనివారమే మేనేజర్ సార్ దగ్గరికి పోయి చెప్పివచ్చినట్టు చెప్పింది. పెట్టె తెరిచింది, పసుపు పూసింది, మళ్లీ పెట్టెలో వెయ్యకుండా పనివాళ్ల చేతికి వదిలింది అన్నీ తనేనని, ఆ పిల్ల జోలికి పోవద్దని. ఫొటో సంగతి కూడా ఆమెకు గుర్తుంది. అది మనిద్దరికే ఎరుక, తుడిచెయ్ అంది.

తనూజ చేతిలో వెల్లుల్లి రెబ్బ అలాగే ఉంది. పని పోతే ఎట్లా అని అడిగింది. కొమురమ్మ భర్త కాలు వైపు చూసి, ఒలిచిన పొట్టు చేత్తో దగ్గరికి ఊడ్చింది. ఆయన కాలు విరిగినప్పటి నుంచి ఆ ఇంటికి ఆమె పనే ఆధారం. ఈ వయసులో ఇంకో స్టోరు తనను ఎక్కడ పెట్టుకుంటుందని మాత్రం అంది.

మొగులయ్య తల ఎత్తకుండానే అన్నాడు.

"నేను మూడో అంతస్తు మీదికెల్లి కింద పడ్డ. వేరే కంపెనీ, మస్తు ఏండ్లయింది. తెల్లారి జాగ కడిగిండ్రు, పని సురువు చేసిండ్రు. ఎవ్వలు రాయలే. రాయకుంటె పడనట్టే బిడ్డా. ఆరు నెల్లకు అదే జాగల, అదే చెక్కపలక మీదికెల్లి ఇంకొకడు పడ్డడు. వాడు లేడు."

కొమురమ్మ ఆయన్ను ఊరుకోమంది. ఆయన ఊరుకోలేదు.

"రాస్తె పూర్తిగ రాయి. సగం రాస్తె మల్ల ఆ పెట్టె ఎవలో ఒకలు తెరుస్తరు."

తనూజ వచ్చేటప్పుడు ఆమె కొంగుకు ఒలిచిన వెల్లుల్లి గుప్పెడు కట్టి ఇచ్చింది కొమురమ్మ, అమ్మకియ్యమని. ఆటోలో దారంతా ఆ వాసన. తనూజకు ఏడుపు వచ్చింది కానీ ఘాటు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

*

సోమవారం పొద్దున్నే రిపోర్టు ప్రింటు తీసి నరహరి సార్ ముందు పెట్టింది. ఒక పేజీ మూడు పేజీలైంది. స్లింగును చేతితో తాకకుండా నాలుగడుగుల దూరం నుంచి టిక్కు పెట్టింది సేఫ్టీ అసిస్టెంటు తనూజ. పెట్టె తెరిచినప్పుడు అక్కడే ఉండి, ఆపకుండా ఫొటో తీసుకున్నదీ ఆమే. ఫొటో చివర అంటించి ఉంది. లెక్క తప్పిందని గుర్తించి, పని ఆపించి, ఎల్లేష్ ప్రాణం కాపాడింది కొమురమ్మ.

ఆయన చదివాడు. కోప్పడతాడనుకుంది. సొరుగు లాగి రెండు కాగితాలు తీసి పక్కన పెట్టాడు.

మొదటిది డానియేలు రాసింది, తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో. తగిలించే ముందు స్లింగు పొడవునా గుడ్డ రుద్ది చూడటం తన పని. తెగిన తీగ ఉంటే గుడ్డకు తట్టుకుంటుంది. ఆ రోజు రుద్దలేదు. కొమురమ్మక్క పూజ చేసి పెట్టిన పసుపు తుడిస్తే ఆమె మనసు నొస్తుందని, అందులోనూ తను చర్చికి పోయేవాడు, తను తుడిస్తే ఇంకోలా ఉంటుందని ఊరుకున్నాడు. రెండోది ఖలీల్ భాయ్ చెప్తే ఎల్లేష్ రాసింది. అడుగెత్తు లేపి ఒక నిమిషం ఆపి చూడాలి. ముప్ఫై ఏళ్ల చెయ్యి కదా అని ఆపలేదు. కింద ఖలీల్ ఉర్దూ సంతకం.

ఒకరికొకరు తెలియకుండా వచ్చారట. ఒకరు శనివారం సాయంత్రం, ఒకరు ఇప్పుడే.

"నలుగురు నాదే తప్పంటే నాదే తప్పని వచ్చిండ్రు," అన్నాడు నరహరి సార్. "గీ సైట్ల తప్పు లేనోన్ని నేనొక్కన్నే మిగిలిన చూడు."

ఆయన బల్ల మీది ఫైళ్లను కదిలించి, ఆగస్టు నాటి కాగితం బయటికి తీశాడు. ఎర్రపెట్టెకు తాళం ఒకటి కావలెను. తర్వాత తనూజ రిపోర్టు ముందుకు లాక్కుని, చివరి పేజీలో తన చేత్తో ఇంకొక కారణం రాసి, ఆ కాగితాన్ని, డానియేలు, ఖలీల్ కాగితాలనూ జతచేసి పిన్ను కొట్టాడు.

హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ పెద్ద ఆండాలు మేడం పదకొండింటికి వచ్చింది. కారు వెనక సీట్లో షీల్డు ఉంది, అందరూ చూశారు. డానియేలు తెల్లచొక్కాలో నిలబడ్డాడు. ఆమె పేజీలన్నీ నిలబడే చదివింది. స్టోరుకు పోయి ఎర్రపెట్టె గడియ తీసి పెట్టింది. ఈ పనిలో పాతికేళ్ల నుంచి ఉన్నానని, అందరూ తమ తప్పే రాసుకున్న రిపోర్టును మొదటిసారి చదువుతున్నానని అంది. కొమురమ్మను మారుస్తారా అని తనూజ అడిగేసింది. మేడం ఆమెను విచిత్రంగా చూసింది.

"మారిస్తే రేపు ఇంకో సైట్లో ఎవరు ఆపుతారమ్మా?"

అయితే షీల్డు మాత్రం ఈసారి ఇవ్వలేనని, ఒక మనిషి దూలం కింద పడబోయిన సైటుకు ఇచ్చి మిగతావాళ్లకు ఏం చెప్పనని అంది. షీల్డు తెచ్చిన కారు షీల్డుతోనే వెళ్లిపోయింది. డానియేలు మోచేతుల వరకు చొక్కా మడిచి పనిలోకి దిగాడు. ఇస్త్రీ ఖర్చు ఎవరిస్తారని ఖలీల్ భాయ్ అడిగితే, జేబులో అంత బంగారం పెట్టుకుని నన్నడుగుతావా అన్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర డానియేలు ఫోన్ మోగింది. పటాన్‌చెరు సైటులో పనిచేసే అతని బామ్మర్ది. మాట్లాడి పెట్టేశాక డానియేలు ముద్ద కలుపుతూ చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. మేడం ఆ రిపోర్టును అన్ని సైట్లకూ పంపిందట. ఆ పొద్దున మీటింగులో చదివి వినిపించారట. కొమురమ్మ, డానియేలు, ఖలీల్, తనూజ, నరహరి, వరుసగా అందరి పేర్లు.

"తప్పు చేసినోళ్ల పేర్లు చదువుతరు, అది ఎరికే. చదివినంక చప్పట్లు కొట్టిండ్రట అక్కా. మూడొందల మంది." కొమురమ్మ వైపు చూడలేక గిన్నెలోకి చూశాడు. "ఫొటో ఎవడు చూస్తడు గోడ మీద."

కొమురమ్మ తన టిఫినులోని చింతకాయ తొక్కు సగం తీసి అతని అన్నంలో వేసింది. ఎల్లేష్ గిన్నె చాపితే మిగతా సగం వాడికి.

ఆ సాయంత్రమే తాళం వచ్చింది. నరహరి సార్ స్వయంగా తెచ్చాడు. ఎర్రపెట్టెలో ఇప్పుడు ఏ స్లింగులూ లేవు, మూడింటినీ ఖలీల్ భాయ్, డానియేలు కలిసి కట్టర్‌తో ముక్కలు చేశారు. కొమురమ్మ ఆ ముక్కలకు ఒకసారి దండం పెట్టుకుంది. ఖాళీ పెట్టెకే తాళం వేసి, చెవి ఎవరికివ్వాలో ఎవరినీ అడగకుండా సార్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, మెడలోని నల్లపూసల దారానికి కట్టుకుంది.

గురువారం పొద్దున రెండో దూలం. ఫోన్ మోగుతోంది. తనూజ చెక్‌లిస్టు, పెన్ను పట్టుకుని వడివడిగా స్టోరుకు వచ్చింది. కొమురమ్మ కొక్కెం నుంచి స్లింగు దింపి ముందుకు చాపింది. మెడ మీద పసుపుపచ్చ రంగు, అసలుదే, మెరుస్తోంది. తనూజ పెన్ను గడి దగ్గరికి వచ్చింది. స్లింగు రెండో కొన కొమురమ్మ వదల్లేదు.

"చెయ్యి పెట్టు బిడ్డా."

ఆమె రెండో చేతిలో ఉతికిన పాతగుడ్డ ఉంది. తనూజ పెన్ను జేబులో పెట్టుకుంది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. గుడ్డ అందుకుని, స్లింగును మెడ నుంచి పట్టుకుని, పిడికిలి బిగించి, మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తీసుకొచ్చింది. ఎక్కడా తట్టుకోలేదు. కొమురమ్మ పిడికిలి తగిలేదాకా వచ్చి ఆగింది.

అప్పుడు కొమురమ్మ తన కొన వదిలింది.